ఆకాశపుటంచు సాపు చేసిన యాదగిరి

వరంగల్ చౌరస్తాలో వరలక్ష్మి టీ కొట్టు దగ్గర ఫొటో స్టూడియో యాదగిరి నోరు తెరిచాడంటే, పొయ్యి మీది పాలు కూడా పొంగడం మానేసి వింటాయని పేరు. ఆ పొద్దు మాత్రం అతనికి మాటలతో నిజంగానే పని పడింది. బట్టల దుకాణం కిషన్ రావు ఇంట్లో, వాళ్ల నాయన తీసిన పాత ఫిల్ములు పెట్టె నిండా ఉన్నాయి. మామూలువి కావు, లెన్సు ఇటు నుంచి అటు తిరుగుతూ జాతర మొత్తాన్ని ఒకే పొడుగు ఫొటోలో పట్టేసే కెమెరావి. ముందు ఒక్కటి ఇచ్చి, ఇది బాగుచేస్తే పెట్టె మొత్తం పని నీకే ఇస్తానన్నాడు కిషన్ రావు. పెళ్లి ఫొటోలన్నీ సెల్‌ఫోన్లు ఎత్తుకుపోయాక యాదగిరి స్టూడియోకు ఈగలు తప్ప ఎవరూ రావడం లేదు. అందుకే ఆ పెట్టె కావాలి, ఎట్లాగైనా కావాలి.

కిషన్ రావు వచ్చాడు. వెంట దుకాణానికి చీరల కోసం వచ్చిన ముసలమ్మ ఒకామె ఉంది. పవర్‌లూమ్ నర్సయ్య అప్పటికే బెంచీ మీద ఉన్నాడు. యాదగిరి బాగుచేసి ప్రింటు తీసి తెచ్చిన ఫొటో చుట్టను కిషన్ రావు విప్పబోతే, యాదగిరి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు సేటూ, ముందుగాల కథ ఇను. చిన్న పనే అనుకో. కెమెరా తిరుగుతాంటె మీ నాయన చెయ్యి జర ఊగింది. స్కాన్ చేసి చూస్తే నేలా ఆకాశం కలిసే గీత పాము పాకినట్టు వంకర్లు. కంప్యూటర్ల ఆ గీత పొంటి చుక్కలు పెట్టుకుంట, లేసినకాడ కిందికి, దిగినకాడ మీదికి గుంజిన. సాయంత్రానికి సాపైంది."

"గంతేనా?" అన్నాడు నర్సయ్య.

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

"గంతేనా అంటవా కాకా? ఎడమ దిక్కు ఒత్తితే కుడి దిక్కు లేస్తది! తరిమి తరిమి ఆ వంకరను ఒక మూలకు తెచ్చిన. ఆ మూలకు చెరువుండె. గీత ఒరిగేసరికి నీళ్లు ఒలికి కీబోర్డంత తడిసింది. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా?"

"షాక్ కొట్టిందా?" వరలక్ష్మి టీ వడగడుతూ అడిగింది.

"కొర్రమీను పడ్డదక్కా! ఎంటర్ బటన్ మీద ఎగురుతాంది. మా ఇంటామె పులుసు పెట్టింది. బ్లాక్ అండ్ వైట్ ఫొటోల చేపాయె, పులుసు గూడ నల్లగనే అయ్యింది."

"కారం ఎట్లుండె?" అన్నాడు నర్సయ్య.

"ఎరుపు కనవడలే గని నోరు మండింది. అదట్లుంచు. నేను గీత గుంజిన గుంజుడుకు రఘునాథపల్లి కాడ హైవే సుత సాపైంది. లారీలోళ్లు ఇంజన్ బంద్ చేసినా బండ్లు పోతనే ఉన్నయట! ఇగ ఉపగ్రహమోళ్లు ఫోన్ చేసిండ్రు. 'యాదగిరి గారూ, మీ దిక్కు భూమి గుండ్రం తగ్గుతాంది, జర ఆపుండ్రి' అని."

"తెలుగులనే?" అంది వరలక్ష్మి.

"అక్కడ నౌకరి చేసేటాయనది మన పరకాలనేనాయె."

కిషన్ రావు మీసాల కింద నవ్వు కదిలింది. పెట్టె సగం ఇటు జరిగినట్టే అనిపించి యాదగిరి కడుపు చల్లబడింది. అక్కడితో ఆగితే బాగుండేది. కానీ ఆగితే యాదగిరి ఎందుకవుతాడు?

"అసలుది ఇంక చెప్పనే లేదు సేటూ. గీత నడిమిట్ల ఒక అల ఉండె, తాడిచెట్టంత! చిన్నయన్ని నా మాటిన్నయ్ గని అది మొండిది. ఒత్తితే మౌసు పలిగింది. ఇగ చూసి చూసి నేనే మానిటరెక్కి దాని మీద కూసున్న. మూడు దినాలు కూసుంటె అణిగింది."

"సాయంత్రానికే అయిపాయె అంటివి?"

"ఏ సాయంత్రమో చెప్పిన్నా కాకా? దాని నెత్తి మీద ఏదో మరకుండె, ఫిల్ము మీది దుమ్ము. దాన్ని గూడ తుడిచి పారేసిన. ఇప్పుడు చూడుండ్రి!"

చుట్ట విప్పాడు. వరసగా ఎడ్లబండ్లు, జనం, వాళ్ల వెనక ఈ చివర నుంచి ఆ చివరకు లాగి కట్టిన నూలుపోగులా గీత. కిషన్ రావు తలూపి, ఫొటోను ముసలమ్మ ముందుకు జరిపాడు.

"బక్కమ్మా, నువ్వు చూడు. నాయన మీ ఊరి జాతరల తీసిందే."

బక్కమ్మ కళ్లద్దాలు పెట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరదాకా చూసింది. "బండ్లు మావే. ఆ తలపాగ మా నాయనదే" అంది. యాదగిరి ఛాతీ ఉబ్బింది. ఆమె ఫొటో తిప్పి వెనక వైపు కూడా చూసింది.

"కొడుకా, మాది పాలకుర్తి. మా గుట్టేది?"

"ఏ గుట్ట అవ్వా?"

"నువ్వు మూడు దినాలు కూసున్నది దాని మీదనే. తుడిచింది మరక గాదు, గుట్ట మీది గుడి."

నర్సయ్యకు టీ ముక్కులోంచి వచ్చింది. వరలక్ష్మి నవ్వు ఆపుకోలేక పొయ్యి కట్టేసి కూర్చుంది. యాదగిరి చెవులు కాలిపోయాయి. చుక్కలు పెట్టాడు, గీతలు గుంజాడు కానీ ఇది ఏ ఊరి ఫొటో అని ఒక్క మాట ఎవరినీ అడగలేదు. పెట్టె కళ్ల ముందే వెనక్కి పోతున్నట్టు అనిపించింది.

"తప్పయింది సేటూ. ఊరడగలే" అన్నాడు. అతని నోట అంత చిన్న మాట ఆ కొట్టులో ఎవరూ విని ఉండరు.

కిషన్ రావు నవ్వీ నవ్వీ తడిసిన కళ్లు తుడుచుకున్నాడు. "వంకర మాత్రం మంచిగనే తీసినవ్. పెట్టె రేపు పంపుత. గని ఏ ఫొటో ముట్టినా ముందుగాల ఆ ఊరోళ్లనడుగు. మొదలు ఈమె గుట్ట ఈమెకియ్యి."

యాదగిరికి ప్రాణం లేచి వచ్చింది. "ఫికర్ చెయ్యకవ్వా! ఇయ్యాల్నే నిలవెడత, గుడితోని సహా!"

బక్కమ్మ మోకాళ్లు రాసుకుంది.

"జర పొట్టిగ నిలవెట్టు కొడుకా. గన్ని మెట్లు ఎక్క చాతనైతలేదు."