త్వరగా అరిగే రాయి

సమాధి రాళ్ళు చెక్కే కొట్టు. బల్ల మీద రెండు రాతి ముక్కలు. బల్లకి అటు మేస్త్రి, ఇటు తండ్రిని మట్టి చేసి నెల తిరగని కూతురు.

"మళ్ళీ చెప్పండమ్మా. ఏది ఎక్కువ కాలం ఉంటుందనేగా అడిగారు?"

"కాదు మేస్త్రిగారూ. ఏది ముందు పోతుందని."

"పోవడమంటే?"

"అరగడం. అక్షరాలు అరిగి, ఏం రాసుందో తెలియకుండా అయిపోవడం."

"ముప్ఫై ఏళ్ళుగా చెక్కుతున్నాను. ఈ మాట అడిగినవాళ్ళు లేరు."

"నేను అడుగుతున్నానుగా. చెప్పండి."

"సరే. ఇది ఇసుకరాయి. చెయ్యి పెట్టి చూడండి, గరగరలాడుతుంది. అది సున్నపురాయి, నున్నగా ఉంటుంది. రెండూ ఒక కడుపున పుట్టినవే. నీళ్ళ అడుగున పొర మీద పొర పేరుకుని, పేరుకుని రాయైపోయాయి. దీంట్లో ఉన్నది ఇసుక, దాంట్లో గవ్వలూ నత్తగుల్లలూ. అంతే తేడా."

"పుట్టుక సంగతి సరే. పోయే సంగతి?"

"అక్కడికే వస్తున్నా. సున్నపురాయికి పులుపు పడదు. ఇదిగో, నిమ్మచెక్క పిండుతున్నా చూడండి."

"అయ్యో, నురగలు కక్కుతోంది."

"వాననీళ్ళలోనూ కాస్త పులుపుంటుందమ్మా. ఏటేటా కొంచెం కొంచెం నాకేస్తుంది. ముందు తలకట్లు పోతాయి, తర్వాత గుడులు, కొమ్ములు..."

"మొత్తం పోవడానికి ఎన్నాళ్ళు?"

"ముప్ఫై, నలభై ఏళ్ళు."

"నలభయ్యా? మా బాబాయికి ఇప్పుడే డెబ్బై నాలుగు."

"మధ్యలో బాబాయెవరు?"

"ఎవరూ లేరు. ఇసుకరాయి గురించి చెప్పండి."

"దాని గుణం వేరు. రేణువుల మధ్య అతుకు గట్టిదైతే మీ మునిమనవలు కూడా చదువుకుంటారు. అతుకు బంకమన్నైందా, నీళ్ళు దిగి పొర పొరంతా ఒక్కసారే ఊడొస్తుంది."

"ఎప్పుడు?"

"చెప్పలేం. వచ్చే వానలకే ఊడచ్చు, ఇంకో పాతికేళ్ళు ఉండచ్చు."

"అంటే ఒకటి నిదానంగా మర్చిపోతుంది, ఒకటి ఉన్నట్టుండి మర్చిపోతుంది."

"అలాగే అనుకోండి. ఇంతకీ ఏం చెక్కాలి?"

"కాగితం మీద రాసి తెచ్చాను."

"చదవండి. నా కళ్ళజోడు లోపలుంది."

"తెచ్చుకుని మీరే చదువుకోకూడదూ?"

"నోటితో అనలేని మాట రాతి మీద ఎలా పెడతారమ్మా?"

"సరే... 'నా నిచ్చెన ఇంకా మా తమ్ముడింట్లోనే ఉంది.'"

"ఏమిటి ఉంది?"

"నిచ్చెన. వెదురు నిచ్చెన. ఇరవై రెండేళ్ళ క్రితం బాబాయి బల్బు మార్చాలని పట్టుకెళ్ళాడు."

"బల్బు మార్చారా?"

"బల్బేం ఖర్మ, ఇల్లే మార్చాడు. నిచ్చెన మాత్రం తిరిగి రాలేదు."

"మీ నాన్నగారు కొత్తది కొనుక్కోలేదా?"

"మూడు కొన్నాడు. అయినా అదే కావాలన్నాడు."

"పేరూ, పుట్టిన తేదీ, పోయిన తేదీ?"

"అవేం వద్దన్నాడు. ఇదొక్కటి చాలన్నాడు. మంచం పక్కన కూర్చోబెట్టుకుని దేవుడి మీద ఒట్టు వేయించుకున్నాడు. ఒక్క అక్షరం మారకూడదు."

"పోనీ, చీమ తలకాయంత అక్షరాలు చెక్కితే?"

"జానెడు ఉండాలని కొలత కూడా చెప్పి పోయాడు."

"పెద్దాయన అన్నీ ఆలోచించాడు."

"నవ్వకండి. బాబాయి రోజూ ఆ సమాధుల పక్క దారినే నడుస్తాడు. జనం ఆగి చదివి నవ్వుతుంటే ఆ ముసలాయన తలెక్కడ పెట్టుకుంటాడు? చెక్కకపోతే నాన్నకిచ్చిన మాట పోతుంది, చెక్కితే బాబాయి పరువు పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి."

"సున్నపురాయైతే నిచ్చెనకి గుడి పోయి కొన్నాళ్ళకి 'నచ్చెన' అవుతుంది."

"అదైనా నయమే. నేను మాటిచ్చానే గాని, రాయి ఫలానాదని ఇవ్వలేదు కదా. దేవుడు దీన్ని తప్పు పడతాడంటారా?"

"ఆయన ఇన్నేళ్ళలో ఒక్కసారీ నా కొట్టుకి రాయి కోసం రాలేదు. ఆయన మనసు నాకేం తెలుసు?"

"ఎందుకలా చూస్తున్నారు?"

"వెదురు నిచ్చెనే అన్నారు కదూ?"

"అవును."

"మీ బాబాయిగారు చెవికి మిషను పెట్టుకుంటారా?"

"మీకెలా తెలుసు?"

"ఏం లేదులెండి. ఒకరి రాయి మీది మాట ఇంకొకరికి చెప్పను. అది నా నియమం."

"మీ నియమం మీ దగ్గరే ఉంచుకోండి. నాకు ఇసుకరాయే ఖాయం చెయ్యండి. బంకమన్ను అతుకుది. వచ్చే వానలకే ఊడేది."

"అది ఇవ్వలేనమ్మా."

"డబ్బిచ్చి కొంటానంటే ఇవ్వనంటారేం?"

"మీ నాన్నగారి పక్క జాగా మీ బాబాయిగారు తనకోసం ఉంచుకున్నారు. మొన్న వచ్చి తన రాయి కూడా ముందే చెప్పి వెళ్ళారు. 'అన్నయ్య రాయి మీద ఏం ఉండబోతుందో నాకు తెలుసు, దాని పక్కన ఇది ఉండాలి' అన్నారు. ఎప్పటికీ చెరగని గట్టి రాయి కావాలన్నారు. మీది ఊడిపోతే ఆయనది ఎవరికీ అర్థం కాదు."

"నాన్నని తిట్టాడా? పోయినవాణ్ణి కూడా వదల్లేదా? ఏం చెక్కమన్నాడు?"

"నియమం తప్పుతున్నాను, వినండి. 'నిచ్చెన నా దగ్గరే ఉంది. ఇచ్చేస్తే అన్నయ్య అడగడానికి రావడం మానేస్తాడని ఇవ్వలేదు.'"