ఒక మనిషికి ఒకే వరస

నా టీకొట్టు అంబులెన్స్ ఆఫీసు గోడని ఆనుకునే ఉంటుంది. లోపల కంప్యూటర్లు చూసుకునే మనిషి రోజూ సాయంత్రం బల్ల మీద చేరి కోతలు కోస్తాడు. మేం కంప్యూటర్ బావ అంటాం. ఆ రోజు వ్యాన్ తాళాలు వేలికి తిప్పుకుంటూ డ్రైవరు పెద్దాయన కూడా కూర్చున్నాడు.

"పొద్దున చిన్న పని చేశాలే," అని మొదలెట్టాడు బావ. "ఫోన్ చేసేవాళ్ల పేర్లు ఒక పట్టికలో, వాళ్ల చిరునామాలు ఇంకో పట్టికలో. రెండూ కలిపి చూపించమంటే, ఇల్లు మారినవాడికి పాతదీ కొత్తదీ అన్నీ వచ్చి పడేవి. మనిషి ఒకడు, వరసలు నాలుగు, దాంతో బళ్లూ నాలుగు. మొన్న ఒకే సందులో నాలుగిళ్లు మారిన ముసలాయన కోసం ఊళ్లో బళ్లన్నీ బయల్దేరి ఆ సందులో ఇరుక్కుపోతే, పాపం ఆయనే మంచం దిగొచ్చి వాటిని వెనక్కి తోశాడు."

"తోశాడా?" అన్నాను టీ వడగడుతూ.

"తోసి, డ్రైవర్లకి మంచినీళ్లు కూడా ఇచ్చాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మా మేనేజరు నా కాళ్ల మీద పడబోయాడు, నేనే పట్టుకుని లేపా. ఒక్క లైను రాశానంతే. మనిషికి ఒకే వరస రావాలి, మిగతావి నోరు మూసుకోవాలి అన్నా. మూసుకున్నాయి."

పెద్దాయన తాళాలు తిప్పడం ఆపాడు. "ఆ ఒక్కటీ ఏది అబ్బాయ్?"

"ఏదైతేనేం బాబాయ్, ముందు చేతికి తగిలింది. వేగం ముఖ్యం. ఇప్పుడు మనవాళ్లు ఎంత త్వరగా వెళ్తున్నారంటే, రోగి పడకముందే కింద స్ట్రెచర్ పరిచి నిలబడుతున్నారు. యముడు చెప్పులు వెతుక్కునేలోపు ఆసుపత్రిలో దించేస్తున్నారు. ఆయన వేరే ఉద్యోగం చూసుకుంటున్నాడని వినికిడి."

అందరం నవ్వాం. పెద్దాయన మాత్రం నవ్వలేదు. ఇల్లు మారినవాళ్ల సంగతేమిటని మళ్లీ అడిగాడు.

"నేనూ మొన్ననేగా మారింది. అమ్మ ఆయాసం మనిషి కదా, గాలి బాగుంటుందని ఐదో అంతస్తు తీసుకున్నా. అమ్మ పేరు మీద కొత్త చిరునామా నా చేత్తోనే ఎక్కించా."

"పాతది తీసేశావా?"

"తీసేయడమెందుకు, ఓ మూల పడుంటుంది."

అప్పుడే పెద్దాయన ఫోను మోగింది. తెర మీద వచ్చింది చదువుతూనే ఆయన లేచి నిలబడ్డాడు.

"రైలు గేటు పక్క సందు, నీలం తలుపు, కింది వాటా. ఊపిరాడని ముసలావిడ, ఒక్కతే ఉంది."

బావ గ్లాసు బల్ల మీద పడేసి లేచాడు.

"అది మా పాత ఇల్లు బాబాయ్. అక్కడిప్పుడు ఎవరూ లేరు."

"నీ మిషను చేతికి ముందు అదే తగిలింది," అన్నాడు పెద్దాయన. "యముడికి చెప్పులు దొరికేలోపు ఎక్కు. ఆ రెండో వరసేదో నువ్వు చెప్పు."

బావ పరిగెత్తి వ్యాన్ ఎక్కాడు. బండి కదులుతుంటే అతని గొంతు వినిపించింది. వీధి పేరు, మలుపు, ఐదో అంతస్తు. ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదు.