బాగుంది కదా

కుట్టుమిషను మీద ఇల్లు నెట్టుకొస్తున్న ఆవిడ, ఎక్స్‌రే వంక చూస్తున్న డాక్టరు ఎప్పుడు నోరు విప్పుతాడా అని ఎదురుచూస్తోంది.

"సోరియాసిస్ కీళ్లలోకి దిగిందమ్మా. ఈ రెండు వేళ్లూ ఇక వంగవు."

"మరి కత్తెర పట్టుకోవడం ఎలాగండీ?"

"కష్టమే. ఇంత నొప్పి ఎలా ఓర్చుకున్నారు? వచ్చినప్పుడల్లా చలాకీగానే కనిపించేవారే."

"ఇక్కడికొచ్చే రోజు పొద్దున్నే నొప్పిమాత్రలు వేసుకుంటానండీ. లేకపోతే మీ మెట్లు ఎక్కలేను."

"ఆ మాట నాతో అనొచ్చుగా?"

"మీరు చర్మం చూసి, 'మచ్చలు తగ్గాయి, బాగుంది కదా' అంటూ మందులు రాసేసేవారు. బయట అంతమంది కాచుక్కూర్చుంటే, బాగాలేదని చెప్పడానికి నోరు రాలేదు."

డాక్టరు కలం పక్కన పెట్టి, మొదటిసారి ఆవిడ వేళ్లు తన చేతిలోకి తీసుకున్నాడు.

"ఇప్పుడు నొక్కుతాను. ఎక్కడ నొప్పిగా ఉందో చెప్పండి."

"ఏం తెలియడం లేదండీ. ఇవాళ కూడా వేసుకునే వచ్చాను."