హిస్సా మామా బొటనవేలు

నా పేరు దాసరి రెడ్డెమ్మ. వయసు నలభై ఒకటి. భర్త లేడు. సొంతూరు కడప జిల్లా చిన్నమండెం దగ్గర. కువైట్‌లోని జహ్రాలో హిస్సా అనే ముసలామె ఇంట్లో 1992 మార్చి నుంచి పనిచేస్తున్నాను. నేను తెలుగులో చెబుతుంటే దుబాసీ రాసుకుంటున్నారు. నన్ను ఎవరూ పట్టుకురాలేదు. 1999 మే అయిదో తేదీ ఉదయం తొమ్మిదింటికి నేనే ఠాణాకు వచ్చాను.

ఇక్కడ ఇంటి యజమానురాలిని మామా అని పిలుస్తాం. హిస్సా మామా చనిపోయి పదిహేను నెలలయింది. ఆ సంగతి ఎక్కడా రాయించలేదు. దాచిపెట్టిన ఆమె కొడుకు మిషాల్ ఏప్రిల్ ఇరవై ఎనిమిదిన కారు ప్రమాదంలో పోయాడు. నాకు ఊరికి వెళ్లాలని ఉంది. మామా పోయినట్టు రాసుకుని నన్ను పంపించమని అడగడానికే వచ్చాను.

నేను చేరిన ఏడు నెలలకు మామా భర్త పోయాడు. ఆయన సైన్యంలో చేసి దిగినవాడు. ఆయన పోయినా పింఛను ఆగలేదు. మరుసటి నెల నుంచి మామా పేరు మీద వచ్చింది. నేను నోరు తెరిచి చూస్తుంటే మామా నవ్వింది.

“ఏమే పిల్లా, మీ దేశంలో మొగుడు చస్తే పెళ్ళాం కూడా చావాలా ఏంది?”

“చావక్కర్లా మామా. కూలికి పోవాల.”

“మాకు అట్లా లేదు. మేం చచ్చినా సర్కారు మమ్మల్ని వదలదు.”

ఆ మాట నేను నిజంగానే నమ్మాను. ఇక్కడ బిడ్డ పుడితే ఇస్తారు, పెళ్లి చేసుకుంటే ఇస్తారు. బియ్యం, పాలపొడి కార్డు మీద వస్తాయి. నా భర్త బావి తవ్వుతూ పోతే పంచాయతీ వాళ్లు వచ్చి చూసి వెళ్లారు. అందుకని ఇక్కడ మనిషి పోయినా పింఛను ఇంట్లోనే ఉంటుందనీ, ఒకరి తర్వాత ఒకరికి వస్తూనే ఉంటుందనీ అనుకున్నాను.

ఏటా ఏప్రిల్‌లో పింఛను గుమాస్తా సాలెం ఇంటికి వచ్చేవాడు. మామా నడవలేదు, పరాయి మగవాళ్ల ఎదుటికి రాదు. అతను తెర అవతల కూర్చునేవాడు. మామా తెర కింద నుంచి చెయ్యి చాపేది. బతికి ఉన్నట్టు కాగితం మీద బొటనవేలి ముద్ర వేయించుకునేవాడు.

“బతికే ఉన్నావా తల్లీ?” అనేవాడు.

“నీ పెళ్లి భోజనం తినకుండా ఎట్లా పోతానురా, ముసలి బ్రహ్మచారీ?” అనేది మామా.

అయిదేళ్లు ఇదే మాట. నేను పక్కనే కూర్చుని మామా వేలికి అంటిన సిరా తుడిచేదాన్ని.

1998 ఫిబ్రవరి పన్నెండున మేం ఎడారిలో డేరా వేసుకుని ఉన్నాం. చలికాలం కదా, అందరూ వెళ్తారు. మధ్యాహ్నం మూడున్నర నమాజులో నేలకు ఆనించిన తల మామా మళ్లీ ఎత్తలేదు. ఆడమనిషివి నువ్వొక్కదానివే అని మిషాల్ నాచేత స్నానం చేయించాడు. చేతులు చివర కడిగాను. గోరింటాకు ఎర్రగానే ఉంది. పొద్దు వాలకముందే డేరా వెనక పూడ్చాడు. రాయి పెట్టలేదు. వీళ్లు సమాధి మీద పేరు రాయరు. తిరిగి వచ్చేటప్పుడు మామా నల్లబురఖా నాకిచ్చి కారులో ఆమె సీట్లో కూర్చోమన్నాడు. కూర్చున్నాను. సీటు ఇంకా ఆమె వంగిన తీరుకే ఉంది.

పింఛను ఇక మిషాల్‌కు వస్తుందనుకున్నాను. రాదని ఏప్రిల్‌లో సాలెం వచ్చినప్పుడు తెలిసింది. మిషాల్ నన్ను తెర వెనక కూర్చోబెట్టాడు.

“ఒక్క వేలు. నీ సొమ్మేం పోతుంది? పాస్‌పోర్టు నా దగ్గరుంది, గుర్తుంచుకో” అన్నాడు.

చెయ్యి చాపాను. సాలెం పాత కాగితాన్ని పక్కన పెట్టుకుని భూతద్దంతో చూశాడు.

“అదే వేలు. బతికే ఉన్నావా తల్లీ?” అన్నాడు.

నేను నోరు విప్పకూడదని మిషాల్ చెప్పాడు. అయినా అన్నాను. “నీ పెళ్లి భోజనం తినకుండా ఎట్లా పోతానురా?” ఆ గొంతు నాది కాదు. మిషాల్ గోడకు ఆనుకుని నిలబడిపోయాడు.

ఆ తర్వాత అతను నన్ను పేరుతో పిలవలేదు. భోజనాల వేళ తలుపు అవతల నుంచి “అమ్మా, చేపలో ఉప్పు సరిపోయిందా?” అని అడిగేవాడు. మొదట్లో వెటకారం అనుకున్నాను. అతను నవ్వడం లేదు. నాకు ఎడమ మోకాలు నొప్పి మొదలైంది. మామాకూ ఎడమదే. ఈ ఏప్రిల్‌లో మళ్లీ ముద్ర వేశాను.

ఆరు, ఏడు తేదీల్లో పోలీసులు నన్ను ఎడారికి తీసుకెళ్లారు. నేను చూపిన నాలుగు చోట్లా తవ్వారు. ఇసుకే ఉంది. నిన్న సాయంత్రం అయిదింటికి అధికారి ఏడు కాగితాలు నా ముందు పరిచారు. మామా బతికుండగా వేసినవి అయిదు, నేను వేసినవి రెండు. ఏడూ ఒకే వేలివని, అది నా వేలని చెప్పారు. ఆ అయిదు ముద్రలూ మామా వేస్తుండగా నేను చూశాను. మళ్లీ చెబుతున్నాను, నేను చూశాను. పక్కింటి నూరా ఈ నెల మూడున కిటికీలో హిస్సా తల దువ్వుకుంటుంటే చూశానని చెప్పిందట. ఆ రోజు అక్కడ తల దువ్వుకున్నది నేను.

“హిస్సా బతికుంటే చూపించు. పోయిందంటే అదైనా చూపించు” అన్నారు అధికారి. రెండూ నావల్ల కావడం లేదు. నేను ఆమెను చంపలేదు. ఎక్కడా దాచలేదు.

ఇది చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది. కల్పించింది లేదు. కింద బొటనవేలి ముద్ర వేయమన్నారు. వేయనన్నాను. నాకు నా పేరు రాయడం వచ్చు, మామాకు తెలుగు రాదు. కాబట్టి సంతకం చేస్తున్నాను. ఇది చూస్తే నేనెవరో తెలుస్తుంది.

(సం.) దాసరి రెడ్డెమ్మ
9-5-1999, జహ్రా

దుబాసీ గమనిక: పై సంతకం నా ఎదుటే జరిగింది. అక్షరాలు తప్పు లేకుండా ఉన్నాయి. ఆమె చివరి అక్షరంతో మొదలుపెట్టి, ఎక్కడా ఆగకుండా, అరబ్బీ రాసేవాళ్లలా కుడి నుంచి ఎడమకు రాసింది.