నాలుగు దాటితే నీళ్లు లేవు

నా వయసు యాభై రెండు. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. వృద్ధాశ్రమంలో గది తాళం పగలగొట్టింది నేనే. అమ్మను ఎత్తుకుపోయానని వాళ్లు మీ స్టేషన్లో ఇచ్చిన ఫిర్యాదు మాత్రం అబద్ధం.

అమ్మకు తుంటి ఎముక విరిగాక, మళ్లీ నడక అలవాటు చేస్తారని అక్కడ చేర్చాను. సాయంత్రం నాలుగు దాటితే ఆయాలు అన్ని మంచాల దగ్గరా నీళ్ల సీసాలు ఎత్తేస్తారు, పక్కలు తడవకుండా. ఆయాలనేం అనను. అంతమందికి ఇద్దరినే పెట్టిన యాజమాన్యాన్ని అడగండి.

ఆదివారం అమ్మ నాతో పేకాడి గెలిచింది. "లెక్కల టీచరువి, ముక్కలు లెక్కపెట్టుకోలేవుటే?" అని ఎగతాళి చేసింది.

మంగళవారం ఉదయం పదింటికి వెళ్తే గదికి బయట తాళం. లోపల తలుపు మీద గోళ్ల చప్పుడు.

"మతి పోయిందమ్మా. వయసు మీద పడితే అంతే. ఆయాల్ని రక్కేస్తోంది," అన్నాడు మేనేజరు.

"మొన్నటిదాకా ఉన్న మతి రెండ్రోజుల్లో ఎక్కడికి పోయిందండీ?"

"డాక్టరుగారు శుక్రవారం వస్తారు. ఆయన్నే అడగండి."

తాళంచెవి ఇవ్వలేదు. మంటలార్పే సిలిండరుతో కొట్టాను. అమ్మ పెదాలు ఎండి పగిలిపోయాయి. నన్ను చూసి భయపడి గోడకి నక్కింది. నన్ను చూసి.

నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడ డాక్టరమ్మ పరీక్షలు చేయించి, నీళ్లు చాలక మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చింది, అది రక్తంలోకి పాకింది అన్నారు. "ఈ వయసులో జ్వరం రాకపోవచ్చు, మంట అని చెప్పకపోవచ్చు. మనిషి ఉన్నట్టుండి మారిపోతే ముసలితనమని వదిలేస్తారా? మందు పనిచేస్తే తేరుకుంటారు. ఈ రెండ్రోజులూ గండమే."

ఆసుపత్రికి వచ్చిన మీ కానిస్టేబులు అడిగితే అమ్మ నన్ను చూపించి, "ఇదెవరో బాబూ, సూదుల్లో విషం పెడుతోంది. నన్ను నా గదికి పంపెయ్," అంది. ఆ మాట పట్టుకుని మీరు ఆమెను మళ్లీ వాళ్లకే అప్పగిస్తారని నా భయం. జైలంటే కాదు, ఆ తాళమంటే భయం.

అది జబ్బు మాట, నమ్మకండి అని చెప్పాలి. నోరు రావడం లేదు. ముసలివాళ్ల మాట ఎవరూ నమ్మకే కదా ఇంతదాకా వచ్చింది! తలుపు వెనక అమ్మ సోమవారమంతా ఒకటే మాట అరిచిందని అక్కడి వంటామె చెప్పింది. "నీళ్లు." దాన్నీ పిచ్చి కిందే జమకట్టారు. గదికి పంపెయ్ అన్నది రాసుకున్నారుగా, నీళ్లన్నదీ రాయండి.

రాసినది చదివించుకుని విన్నాను. నేను చెప్పనిది ఇందులో లేదు, చెప్పినదాంట్లో అబద్ధం లేదు.

బల్ల మీద నా ఫోను రెండోసారి మోగుతోంది. ఆసుపత్రి నంబరు. సంతకం పెట్టాకే తీయమంటున్నారు.

పెడుతున్నాను.

(సంతకం)