పేర్లను పెన్సిలుతో రాసిన నర్సింహులు గారు

1995వ సంవత్సరం జూన్ నెల పన్నెండవ తేదీ, సోమవారం ఉదయం, పంజాగుట్టలోని మన మానసిక వైద్యశాలలో శ్రీ నర్సింహులు గారు అటెండరుగా విధులలో చేరారు. అప్పటికి మన ఆసుపత్రి ఒకే అంతస్తు, ఇద్దరు డాక్టర్లు, పన్నెండు మంచాలు అని పెద్దలు చెబుతారు. ముప్పై సంవత్సరాలకు పైబడిన సేవ అనంతరం, ఈ జులై ముప్పై ఒకటవ తేదీన రికార్డుల విభాగం సీనియర్ అసిస్టెంటుగా వారు పదవీ విరమణ చేస్తున్న శుభ సందర్భంలో నాలుగు మాటలు రాయమని సంచిక కమిటీ వారు నన్ను కోరారు. నేను పదో తరగతి చదివిన ఆయాను. తప్పులు రాస్తానేమో, అవి అలాగే అచ్చవుతాయేమో, అచ్చయ్యాక వారి కుటుంబ సభ్యులు నొచ్చుకుంటారేమో అని వారం రోజులు నాకు అన్నం సయించలేదు. అయినా వారి గురించి నేను కాకపోతే ఎవరు రాయాలి అనిపించి పూనుకున్నాను.

మెదక్ ప్రాంతపు వ్యవసాయ కుటుంబంలో జన్మించిన నర్సింహులు గారికి ఇక్కడ మొట్టమొదట అప్పగించిన పని, చౌరస్తా దాకా వెళ్ళి మనుషులను వెంటబెట్టుకు రావడం. ఆ రోజుల్లో మన ఆసుపత్రి పేరు ఆటో అతనికి చెప్పడానికి కూడా జనం జంకేవారు. చౌరస్తాలోనే దిగి, ఆడవాళ్ళు తల మీదికి కొంగు లాక్కుని, మగవాళ్ళు బట్టల కొట్టు వైపు చూస్తున్నట్టు నటిస్తూ నిలబడేవారట. నర్సింహులు గారు వారిని పలకరించేవారు కాదు. ఒకసారి చూసి, మెల్లగా ముందు నడిచేవారు. పది అడుగుల వెనక వాళ్ళు నడిచేవారు. దారిలో ఎవరికీ ఎవరితోనూ సంబంధం లేనట్టే ఉండేది, గేటు లోపలికి వచ్చాక మాత్రం నర్సింహులు గారే ముందుగా మంచినీళ్ళు ఇచ్చేవారు.

మరుసటి సంవత్సరం వారికి శ్రీమతి లచ్చమ్మ గారితో వివాహం జరిగింది. ఆ సంబంధం కుదిరిన తీరు లచ్చమ్మ గారు చెబుతుంటే మా డ్యూటీ రూమంతా నవ్వింది. "పిల్లగాడు పంజాగుట్ట దవాఖాన్ల ఉన్నడంటే మా నాయన భయపడ్డడు. 'అండ్ల పనిచేస్తుండా, అండ్లనే ఉంటుండా?' అని అడిగిండు. ముప్పై ఏండ్లు కావొచ్చింది, గా సంగతి నాకింకా సమజ్ కాలే!" పండుగ సెలవుల్లో కూడా వారు ఇక్కడే కనిపించేవారని తెలిసిన మనకు ఆ మాటలోని నిజం వేరే చెప్పనక్కర్లేదు.

దూరవిద్యలో డిగ్రీ పూర్తిచేసి, 2003లో వారు రిజిస్ట్రేషన్ కౌంటరు బాధ్యతలు స్వీకరించారు. ఆ కౌంటరు ముందు నిలబడి నిజం పేరు చెప్పడానికి ఎంతోమందికి నోరు రాదు. ఒకరు బావమరిది పేరు చెబుతారు, ఒకరు చనిపోయిన మేనత్త పేరు చెబుతారు. ఒక ఉద్యోగి అయితే తన పై అధికారి పేరు చెప్పి, మూడు నెలలు ఆ పేరు మీదే మందులు తీసుకెళ్ళారు. నర్సింహులు గారు ఎవరినీ నిలదీయలేదు. అనుమానం వచ్చిన పేరును పెన్సిలుతో రాసేవారు, మిగతా వివరాలన్నీ పెన్నుతో రాసేవారు. ఎందుకని అడిగితే, "పేరు అబద్ధం చెప్పొచ్చు గాని, నిద్ర పడతలేదన్నది అబద్ధం గాదు కదా చెల్లె. గందుకే అది పెన్నుతోటి. పేరంటవా, వాళ్ళకు ధైర్నమొచ్చిన నాడు దిద్దుకుందాం" అన్నారు.

ఆ పెన్సిలు పేర్లలో నాదీ ఒకటి. ఆ సంగతి రాయకుండా వారి గురించి రాయడం అసంపూర్ణం అవుతుంది.

2018 ఆగస్టు. భీమవరం వైపు నుంచి వచ్చిన మేము ఎస్.ఆర్. నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్‌లో నేను వంటపని చేస్తుంటే బతుకుతున్నాం. డిప్లొమా అయ్యి, అమీర్‌పేటలో కంప్యూటరు కోర్సులో చేరిన మా అమ్మాయి మూడు వారాలుగా నిద్రపోవడం లేదు. క్లాసులో మైకులో తన గురించే చెబుతున్నారని గోడకు చెవి ఆనించి వినేది. గాలి సోకిందన్నారు బంధువులు. మూడు తాయెత్తులు కట్టించాం. చివరికి మా వీధి డాక్టరమ్మ ఇక్కడికి పంపారు. చదువు పోయింది, పెళ్ళి కాదు, నా తర్వాత దీన్ని ఎవరు చూస్తారు అని బస్సులోనే నేను ఇరవై ఏళ్ళ ముందుకు వెళ్ళిపోయి ఏడ్చాను.

"పేరు?" అన్నారు నర్సింహులు గారు.

"వరలక్ష్మి అండి." అది నా పేరు.

"వయసు?"

"పంతొమ్మిది."

కళ్ళజోడు మీదుగా నన్ను చూశారు, పక్కనున్న పిల్లను చూశారు. "మంచిదమ్మా" అని రాసుకున్నారు. డాక్టరు గారి దయ వల్ల నెల తిరిగేసరికి కాస్త తేరుకున్న మా అమ్మాయి మందుల చీటీ చదివి, "మందు నాకూ, పేరు నీకూనా అమ్మా?" అంది. అప్పుడూ నేను మార్పించలేదు.

కరోనాలో హాస్టల్ మూతపడింది. 2021లో ఇక్కడ ఆయా పని ఉందంటే వచ్చాను. లిఫ్టు ఆగిపోతుందేమోనని నాకు భయం కనుక అమ్మాయి తోడు వచ్చి బయట కూర్చుంది. మేనేజరు శ్రీ రవికాంత్ గారు నా ఆధార్ కార్డునూ, ఆ పేరుతో ఇక్కడ ఫైలేమైనా ఉందా అని అడిగితే నర్సింహులు గారు తెచ్చిన పాత ఫైలునూ పక్కపక్కన పెట్టుకున్నారు. ఈ సంగతి ఇప్పుడు రవికాంత్ గారే అందరికీ చెప్పి నవ్వుతారు గనుక ధైర్యంగా రాస్తున్నాను.

"ఏంటమ్మా, మీరు మూడేళ్ళుగా మన పేషెంటా? చెప్పలేదే! పైగా ఫైల్లో వయసు చూస్తే పంతొమ్మిది. జబ్బు దాచారు సరే, పాతికేళ్ళ వయసు కూడా దాచేశారా?"

నిజం చెబితే పిల్ల గుట్టు బయటపడుతుంది. చెప్పకపోతే పని పోతుంది.

"పేషెంటును పేషెంట్ల దగ్గర ఎలా పెడతామండీ?" అని రవికాంత్ గారు నర్సింహులు గారి వైపు తిరిగారు.

ఆ ఫైలు ఎవరిదో నర్సింహులు గారికి తెలుసు. ఒక్క ముక్క చెబితే నేను గట్టెక్కేదాన్ని. వారు ఆ ముక్క చెప్పలేదు.

"పెడితే ఏమైతది సార్? గోలీలు టైముకు ఏసుకుంట, పని చేస్త అని ముంగట నిలబడ్డ మనిషిని గీ దవాఖానోళ్లమే వద్దంటే, బయటోళ్లకు మనమేం చెప్తం? ర్యాలీలు తీసి, గోడల మీద బొమ్మలేసి, గిదేనా సార్ మనం చెప్పేది?"

రవికాంత్ గారు నా ఆధార్ కార్డు నాకు తిరిగి ఇచ్చారు. తర్వాత, "అదీ నిజమేనండీ. రేపటి నుంచి రమ్మనండి" అన్నారు.

నాకు పని దొరికింది. దండం పెట్టి బయటపడదామనుకునేంతలో తలుపు తీసుకుని మా అమ్మాయి లోపలికి వచ్చింది.

"సార్, ఆ ఫైలు నాది. మా అమ్మకు భయం తప్ప వేరే జబ్బేం లేదు."

"గా భయానికి సుత మన దగ్గర మందున్నది బిడ్డా, ముందుగాల్ల పేరు సంగతి చూద్దాం" అంటూ నర్సింహులు గారు జేబులోంచి రబ్బరు తీశారు. నా పేరును ఓపికగా చెరిపి, పొట్టు ఊది, ఫైలు తిప్పి మా అమ్మాయి చేతికి పెన్ను ఇచ్చారు. "నీ పేరు నువ్వే రాయి."

హైందవి అని రాసింది. గుండ్రంగా, పరీక్ష పేపరు మీద రాసినట్టు రాసింది. నా పేరు అడ్డం పెట్టి పిల్లను కాపాడుతున్నానని అనుకున్నాను గానీ, మూడేళ్ళపాటు వేరే మనిషి పేరు పిలిస్తే నా బిడ్డ లేచి నిలబడిందని అప్పుడు గాని నాకు తెలియలేదు.

2022లో కంప్యూటర్లు వచ్చినప్పుడు "కంప్యూటర్ల పెన్సిల్ లేదాయె!" అని వారు కలవరపడి, సాఫ్ట్‌వేరు అమర్చడానికి వచ్చిన అనుపమ గారి వెంటపడి "పిలవవలసిన పేరు" అని ఒక గడి పెట్టించారు. నిజం పేరు లోపల భద్రంగా ఉంటుంది, మైకులో ఎవరికి నచ్చిన పేరు వారిది. ఒక హాస్టల్ కుర్రాడు "బాస్" అని రాయించుకున్నాడు. "బాస్, రెండో నంబరు గది" అని నర్సింహులు గారు గంభీరంగా పిలవగానే మన సెక్యూరిటీ వీర్రాజు గారు అటెన్షన్‌లో నిలబడటం, హాలంతా నవ్వడం ఇప్పటికీ చెప్పుకుంటాం. ఆ హాల్లో మనుషులు నవ్విన శబ్దం నేను వినడం అదే మొదటిసారి.

మా హైందవి ఇప్పుడు అమీర్‌పేటలో తాను చదువుకున్న చోటే పాఠాలు చెబుతోంది. రెండేళ్ళ క్రితం ఒకసారి మళ్ళీ నిద్ర తగ్గింది. తన పేరుతోనే వచ్చి చూపించుకుని, పది రోజుల్లో తిరిగి క్లాసుకు వెళ్ళింది. మధ్యాహ్నం డబ్బా విప్పినప్పుడు మాత్ర కూడా అందరి ముందే వేసుకుంటుందట. ఎవరైనా ఏమైనా అంటారేమోనని నాకు ఇప్పటికీ గుబులే.

ఈ వ్యాసంలో మొదట నేను "ఒక అమ్మాయి" అనే రాశాను. మూడువందల ప్రతులు, ఎవరి చేతికి చిక్కుతాయో, ఏ చుట్టం చదువుతాడో! హైందవి చదివి, ఆ రెండు మాటలూ కొట్టేసి, పైన తన పేరు రాసింది. "అచ్చులో హ కింద ఐత్వం ఊడిపోకుండా చూడమను, అంతే" అంది.

నర్సింహులు గారు రేపటి నుంచి విశ్రాంతిగా ఉంటారు. ఉదయం నడకకు వెళ్ళేటప్పుడు ఫోను, మంచినీళ్ళు దగ్గర ఉంచుకోవలెనని, కదిలే బస్సు ఎక్కరాదని, మెట్రోలో పసుపు గీతకు వెనకే నిలబడవలెనని, నెలకోసారి బీపీ చూపించుకోవలెనని నా విన్నపం. వారు శ్రీమతి లచ్చమ్మ గారితో, పిల్లాపాపలతో, నిండు ఆరోగ్యంతో, కంటినిండా నిద్రతో నూరేళ్ళు చల్లగా ఉండాలని మేమిద్దరం, ఎవరి పేరుతో వాళ్ళం, మనసారా కోరుకుంటున్నాం.

వరలక్ష్మి
హైందవి