పేరెక్కిన ప్రింటరు

బాన్సువాడ బస్టాండు ఎదుట పెళ్లికార్డులు అచ్చేసే దుకాణం. కంప్యూటర్ బాగుచేసే కుర్రవాడు లేచి ఒళ్లు విరుచుకున్నాడు. యజమాని ఆశగా ముందుకు వంగాడు.

"అయిపోయింది చాచా. కొత్త హెడర్ ఫైళ్లు వేసి, కంప్యూటర్‌ను లోపలినుంచి నడిపే కెర్నెల్‌ను మళ్ల తయారుజేసిన."

"గవేంది బేటా?"

"యూఎస్‌బీ వైరుకు ఏది తగిలిస్తే దానితోని ఎట్ల మాట్లాడాల్నో అండ్ల రాసుంటది. పాతవాట్ల మన ప్రింటర్ పేరే లేకుండె, తెర మీద 'గుర్తు తెల్వని మిషన్' అని వస్తుండె. ఇప్పుడు సూడు."

ఆయన కళ్లద్దాలు సవరించుకుని తెర చూశాడు. ప్రింటర్ పేరు, కంపెనీ ఇంటిపేరుతో సహా ఉంది.

"షాబాష్! ఇగ కార్డులు కొట్టు. పెండ్లిపిల్ల తండ్రి బయట నిలబడ్డడు."

"ఇప్పుడు కొట్టది చాచా."

"పొద్దుగాల కొట్టింది గదా!"

"దాన్ని నడిపే డ్రైవర్ ప్రోగ్రాం పాత ఫైళ్లకు సరిపడేటట్టు చేసింది. కొత్తవాటికి కంపెనీవాళ్లు ఇంకా చెయ్యలె."

"అయితే పాతవే పెట్టు."

"వాటి మీదనే కొత్తవి వేసిన, పాతవి పోయినయి."

ఆయన ప్రింటర్ వైపు తిరిగాడు.

"అంటే పేరు లేనన్ని దినాలు రాత్రింబగళ్లు పనిజేసింది. పేరెక్కంగనే బంద్ వెట్టింది."

"అట్లనే అనుకో."

"ఇగ దాన్నేం అనకు బేటా. పర్మనెంటైంది."